డాట్ కాళీకి మొక్కి, లోయలోకి

సహారన్‌పూర్ నుంచి డెహ్రాడూన్ వెళ్లే దారి చాలాసేపు బల్లపరుపుగా సాగుతుంది. అటూ ఇటూ చెరకు తోటలు, మామిడి తోపులు, బెల్లం బట్టీల పొగ. అనకాపల్లి చుట్టుపక్కల తిరుగుతున్నామా అనిపిస్తుంది. బస్సులో కునుకు తీసినవాడికి మోహండ్ దాటాక మెలకువ వస్తుంది, అదీ మలుపులో తల కిటికీకి తగిలి. కళ్లు తెరిస్తే చుట్టూ కొండలు. ముందు చిన్న మిట్ట, ఆ వెనక గుట్ట, ఆపైన కొండ అన్న వరుసేమీ లేదు. మైదానం ఒకచోట ఆగిపోయింది, కొండ అక్కడే లేచింది. ఎవరో పారతో చెక్కి ఎత్తిపెట్టినట్టు ఉంటుంది.

కనుమ ఎక్కాక సొరంగం దగ్గర డాట్ కాళీ అమ్మవారి గుడి. ఆ ప్రాంతంలో కొత్త బండి కొన్నవాళ్లు ముందుగా అక్కడికే తెస్తారు, మన విజయవాడలో దుర్గమ్మ దగ్గర చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినట్టు. రోజూ తిరిగే లారీ డ్రైవరైతే బండి ఆపడు. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చెయ్యి నుదుటికి తాకించి సాగిపోతాడు. మలుపులూ లోయలూ ఉన్న దారిలో ఆ మాత్రం మొక్కు సహజమే. అయితే కొన్ని కిలోమీటర్ల వెనక, మోహండ్ ఊరి దగ్గర, అతను ఇంకొకటి కూడా దాటివచ్చాడు. అక్కడ గుడి లేదు, బోర్డు లేదు, రోడ్డు మీద గీత లేదు. భూవిజ్ఞానుల పటంలో మాత్రమే ఉంది. దాని పేరు హిమాలయన్ ఫ్రంటల్ థ్రస్ట్.

థ్రస్ట్ అంటే ఏమిటో తెలియాలంటే పాత పెంకుటింటి కప్పు తలచుకుంటే చాలు. కింది వరుస పెంకు అంచు మీదికి పై వరుస పెంకు ఎక్కి కూర్చుంటుంది. హిమాలయం కట్టుబడి అలాంటిదే. భారత భూఫలకం ఉత్తరానికి తోసుకుపోతూ ఆసియా కిందికి దూరుతుంటే, దాని పైభాగం పొరలు పొరలుగా లేచి, ఉత్తరపు పొర దక్షిణపు పొర మీదికి ఎక్కింది. ఆ పొరల మధ్య వాలుగా ఉండే పగుళ్లే ఈ థ్రస్టులు. పెద్ద మంచుకొండల పాదాల దగ్గర ఉన్నది మెయిన్ సెంట్రల్ థ్రస్ట్. దానికి దక్షిణాన ముస్సోరీ కొండ కింద మెయిన్ బౌండరీ థ్రస్ట్. చిట్టచివరి వరుస, చూరు అంచు అనుకోండి, మోహండ్ దగ్గరిది. వయసులో అన్నిటికన్నా చిన్నది. ఇప్పుడు ఎక్కువగా పనిలో ఉన్నదీ అదే.

డెహ్రాడూన్ ఈ చివరి రెండు వరుసల మధ్య పడిన గాడిలో ఉంది. ఉత్తరాన ముస్సోరీ, దక్షిణాన శివాలిక్ గుట్టలు, తూర్పున గంగ, పడమట యమున. డూన్ అంటేనే లోయ. దక్షిణాన శివాలిక్ కట్టలా లేచినందువల్ల ముస్సోరీ నుంచి వాగులు మోసుకొచ్చిన గులకరాళ్లూ మట్టీ ఆ కట్ట వెనక ఆగి పేరుకున్నాయి. ఊరంతా ఆ గులక మీదే కూర్చుంది. ఆ గులక పొరల్లో ఇంకిన నీరే ఆ లోయకు చలువ. లిచీ తోటలు, వాసనగల బాస్మతి, సహస్రధార ఊటలు, పొద్దున లేచి కిటికీ తీస్తే కనిపించే కొండ వరుస, వీటికోసమే కదా పింఛనుదార్లు ఏరికోరి అక్కడ ఇళ్లు కట్టుకున్నది! ఇవన్నీ ఆ పగుళ్లు పెట్టిన భిక్షే. పగులు లేకపోతే కొండ లేదు, కొండ లేకపోతే లోయ లేదు, లోయ లేకపోతే ఆ ఊరు సహారన్‌పూర్‌లో ఒక చెరకు చేను అయి ఉండేది. అందుకని ఆ పగులును శత్రువుగా తలచుకోబుద్ధి కాదు. ఇల్లు కట్టిచ్చిన పెద్దమనిషే అప్పుడప్పుడూ వచ్చి తలుపు తోస్తాడన్నమాట.

ఎంత తరచుగా తోస్తాడు అన్నది తెలుసుకోవడానికి ఆ గుట్టల్లోనే ఆధారాలున్నాయి. మోహండ్ రావు అనే వాగు శివాలిక్‌ను కోసుకుంటూ మైదానంలోకి దిగుతుంది. వాగు ఒడ్డున, నేటి నీటిమట్టానికి ఇరవై ముప్పై మీటర్ల ఎత్తులో, ఒకప్పటి వాగు అడుగు చదునుగా మెట్టులా నిలిచి ఉంది. గులకరాళ్లు ఇంకా దాని మీదే ఉన్నాయి. ఆ మెట్టు వయసు సుమారు 3,700 ఏళ్లని లెక్క తేలింది. అంటే ఏడంతస్తుల మేడ ఎత్తున నేల లేచింది, అదీ మనుషులు రాగి, కంచు పనిముట్లు వాడుతున్న కాలం నుంచి ఇప్పటిలోపు. వెస్నౌస్కీ, ఠాకూర్ తదితర శాస్త్రజ్ఞులు 1999లో దీన్నిబట్టి లెక్క కట్టి, ఈ పగులు వెంట నేల సగటున ఏడాదికి 14 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతోందన్నారు.

ఆ సగటును చూసి మోసపోకూడదు. ఏటా ఓ 14 మిల్లీమీటర్లు మెల్లగా జారిపోతే ఎవరికీ ఇబ్బంది లేదు, రోడ్డు మీద అప్పుడప్పుడూ ఓ పగులు పూడ్చుకుంటే సరిపోయేది. ఇక్కడ ఏ ఏటి జరుగుబాటు ఆ ఏడు జరగదు. రాయి రాయిని పట్టుకుని బిగిసి ఉంటుంది. బాకీ పద్దులో పడుతుంది. అయిదు వందల ఏళ్ల పద్దు ఏడు మీటర్లు. తీర్చేటప్పుడు ఒక నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది.

అలా తీర్చిన గుర్తులు యమునకు పడమట కాలా అంబ్ దగ్గర దొరికాయి. పేరు చక్కగా ఉంది, నల్ల మామిడి అని అర్థం. అక్కడ ఇదే థ్రస్టుకు అడ్డంగా కందకం తవ్వి, గోడలు నున్నగా చెక్కి, మట్టి పొరలను ఒక్కొక్కటిగా గుర్తించి, వాటిలో చిక్కిన బొగ్గు ముక్కల వయసు కట్టారు. 2001లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం గత 650 ఏళ్లలోనే అక్కడ నేల రెండుసార్లు చీలి ఒకదాని మీదికి ఒకటి ఎక్కింది. మొదటిసారి 1294 తర్వాత ఎప్పుడో, కనీసం 4.6 మీటర్లు. ఒకటిన్నర అంతస్తు ఎత్తు అనుకోవచ్చు. అంత పెద్ద సంఘటన గురించి ఆ చుట్టుపక్కల పాట లేదు, కథ లేదు, సామెత లేదు. మట్టికి గుర్తుంది, మనుషులకు లేదు.

డెహ్రాడూన్‌లో ఇల్లు కొనుక్కునే వాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటుంది. ‘ఫాల్ట్ మా ఇంటికి ఎంత దూరం?’ చదువుకున్నవాళ్ల ప్రశ్నే, తప్పుపట్టలేం. కానీ థ్రస్టు విషయంలో ఈ ప్రశ్న అడ్డదారి పట్టిస్తుంది. పటం మీద కనిపించే గీత, పెంకు అంచు బయటికి కనిపించే చోటు మాత్రమే. పెంకు అక్కడితో అయిపోదు. ఉత్తరానికి వాలుగా నేలలోకి దిగి, లోయ కిందుగా, ముస్సోరీ కిందుగా, పెద్ద కొండల దాకా పోతుంది. మోహండ్ నుంచి డెహ్రాడూన్ ఘంటాఘర్ గడియారం పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది నిజమే. ఆ పగులు పలక మాత్రం గడియారం కిందే, కొన్ని కిలోమీటర్ల లోతున ఉంది. మోహండ్‌కి దూరంగా వెళ్లినకొద్దీ ప్రమాదం తగ్గుతుందనుకోవడం, డాబా మీద నించుని గోడకి దూరంగా ఉన్నాను కనుక ఇల్లు కూలినా నాకేం కాదనుకోవడం లాంటిది. అడగాల్సింది ఎంత దూరం అని కాదు, ఎంత లోతు అని. ఆపైన, నా ఇల్లు దేని మీద నిలబడింది, దేంతో నిలబడింది అని.

కొలవడం ఆ ఊరికి కొత్త విద్య కాదు. సర్వే ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం అక్కడిదే. జార్జ్ ఎవరెస్ట్ 1834-35లో ఆ లోయలోనే ఒక ఆధార రేఖను అంగుళం అంగుళం కొలిపించాడు. ముస్సోరీ దగ్గర హాథీపావ్‌లో అతను ఉన్న ఇల్లు ఇప్పుడు పర్యాటకులు ఫొటోలు దిగే చోటు. మనకూ ఆయనతో ఓ చిన్న సంబంధం ఉంది. కొలత పనిలో కుర్రతనం గడిపింది హైదరాబాద్ రాజ్యంలో. 1819లో కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో జ్వరం పట్టుకుని, కోలుకోవడానికి దక్షిణాఫ్రికా కేప్ దాకా పోవలసి వచ్చింది. తెలుగు దోమ కాటును అతను జీవితాంతం మరిచి ఉండడు. ఆ సర్వేవాళ్లు శాశ్వతమైన గుర్తులు కావాలని రాళ్లు పాతించారు, ఆ రాళ్లను బట్టే దేశమంతా కొలిచారు. భారత ఫలకం మొత్తం ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు ఈశాన్యంగా సాగుతోందని ఇప్పుడు జీపీఎస్ చెబుతోంది. కదలనివనుకున్న ఆ రాళ్లన్నీ నాటినుంచి నేటికి ఎనిమిది తొమ్మిది మీటర్లు నడిచాయి, ఎవరెస్టుకి చెప్పకుండా.

కొలత, భూకంపం 1905లో ఎదురుపడ్డాయి. ఏప్రిల్ 4 పొద్దున ఆరు దాటాక కాంగ్డా లోయలో వచ్చిన భూకంపానికి సుమారు 20,000 మంది చనిపోయారు. తీవ్రత 7.8 అంటారు. కాంగ్డాకు దాదాపు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న డెహ్రాడూన్, ముస్సోరీల్లోనూ ఇళ్లు బీటలువారాయి. మధ్యలో ఉన్న ఊళ్ల కంటే ఇక్కడే దెబ్బ ఎక్కువ తగిలిందని జియలాజికల్ సర్వే అధికారి మిడిల్‌మిస్ గుర్తించాడు. సహారన్‌పూర్ నుంచి డెహ్రాడూన్ మీదుగా ముస్సోరీ దాకా ఎత్తులు అంతకుముందే కొలిచి పెట్టి ఉన్నాయి. మళ్లీ కొలిచారు. డెహ్రాడూన్ అయిదారంగుళాలు పైకి లేచినట్టు తేలింది. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిన ఆ లెక్కను ఓ వందేళ్ల తర్వాత కొత్త పరిశోధకులు తిరగేసి, అది కొలతలోని పొరపాటే కావచ్చన్నారు. కాంగ్డా భూకంపం డెహ్రాడూన్ కింద లోతున ఇంకొకదాన్ని లేపి ఉంటుందని వాదించినవారూ ఉన్నారు. ఈ తగవు చూస్తే శాస్త్రం మీద నమ్మకం పెరుగుతుందే తప్ప తగ్గదు. వందేళ్ల కిందటి చిట్టాలు దాచుకున్నారు కాబట్టి కదా తప్పు పట్టగలిగారు!

అంతకుముందు 1803లో గఢ్వాల్ భూకంపం. అలకనంద ఒడ్డున ఉన్న శ్రీనగర్, అప్పటి గఢ్వాల్ రాజుల రాజధాని, దానితో కుంగిపోయింది. ఢిల్లీలో కుతుబ్ మీనారు పైభాగం కూడా దెబ్బతింది. 1991లో ఉత్తరకాశి, 1999లో చమోలీ మన కళ్లముందే జరిగాయి. ఉత్తరకాశిలో 750 మందికి పైగా పోయారు. కానీ వీటిలో ఏదీ మోహండ్ పద్దులోని బాకీ తీర్చేంత పెద్దది కాదు. 1905 నాటి కాంగ్డాకూ 1934 నాటి బిహార్-నేపాల్ భూకంపానికీ మధ్య ఉన్న హిమాలయ ఖండాన్ని శాస్త్రజ్ఞులు ఖాళీ గడిగా చూస్తారు. ఆ గడిలో పెద్ద భూకంపం వచ్చి చాలాకాలమైంది. 2015లో నేపాల్‌ను కుదిపి తొమ్మిది వేల మందిని బలిగొన్నది కూడా కొండ లోపల చీలిందే గాని, మైదానం అంచుదాకా రాలేదు. ఎప్పుడు అన్నది మాత్రం ఎవరూ చెప్పలేరు. తేదీతో సహా చెప్పే వాట్సాప్ పండితులను పక్కింటి ఆయన ఎంత నమ్మినా మనం నమ్మనక్కర్లేదు.

రేపు రావచ్చు, మనుమల మనుమల కాలంలో రావచ్చు. అందుకే ఈ ప్రమాదం మనసుకు పట్టదు. తుఫాను సంగతి వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది, వేలమంది పోయారు. తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు ఆ కథ పిల్లలకు చెప్పారు. తర్వాత తుఫాను షెల్టర్లు కట్టారు, తీరంలో హెచ్చరిక వస్తే కదిలే అలవాటు పడింది. ప్రతి కార్తీకమూ బంగాళాఖాతం ఏదో ఒకటి పంపిస్తూ ఆ పాఠాన్ని ఆరిపోనివ్వలేదు. అవ్వ చూసింది, అమ్మ విన్నది, బిడ్డ నేర్చింది. మూడు తరాల దారం అది. భూకంపానికి ఈ దారం చాలదు. కాలా అంబ్‌లో నేల చీలినప్పుడు చూసిన అవ్వ కథ ఇప్పటికి ఇరవై తరాలు దాటి రావాలి.

పత్రికలవాళ్లమూ ఇందులో పెద్దగా పొడిచిందేమీ లేదు. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో నేల కదిలితే హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా జనం ఉలిక్కిపడ్డారు. మా శీర్షికలు ఎప్పటివే: స్వల్ప ప్రకంపనలు, భయంతో జనం పరుగులు. సూపర్ బజారు సీసీ కెమెరాలో డబ్బాలు ఊగే వీడియో రెండు రోజులు తిరిగింది. మూడో రోజుకి ఇంకేదో వార్త. 1969లో భద్రాచలంలో 5.7 తీవ్రతతో వచ్చిందని ఎవరో ఒక పెట్టెలో రాశారు, ఎవరో చదివారు. అక్కడితో సరి.

మన పొరుగునే జరిగినదాన్ని అయినా గుర్తుపెట్టుకున్నామా? 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణపతి నిమజ్జనం చేసి అలసి నిద్రపోయిన లాతూరు ఊళ్ల మీద ఇళ్లు కూలాయి. పదివేల మంది దాకా చనిపోయారు. హైదరాబాద్‌లో మంచాలు ఊగాయి. అదీ థ్రస్టు జాతి భూకంపమే, నేల ఒకవైపు మీదికి ఇంకోవైపు ఎక్కింది. తీవ్రత 6.2 మాత్రమే. ఆ తీవ్రతకే అంతమంది పోవడానికి కారణం నేలలో కాదు, గోడల్లో ఉంది. రెండడుగుల మందాన మట్టితో పేర్చిన రాతి గోడలు, వాటి మీద మట్టి మిద్దెలు. ఎండకు చల్లగా ఉండే ఇళ్లు, తాతలనాటి ఇళ్లు. కుదుపు వచ్చినప్పుడు ఆ రాళ్లను ఒకదానికొకటి పట్టి ఉంచేది ఏమీ లేదు.

దీనికి సరిగ్గా ఎదురు బొమ్మ ఉత్తరాఖండ్‌లోనే ఉంది. ఉత్తరకాశి జిల్లాలో కోటి బనాల్ అనే ఊరి పేరు మీద ఒక కట్టుబడి పద్ధతికి పేరొచ్చింది. గట్టి రాతి అరుగు వేసి, దాని మీద ఒక వరుస దేవదారు దుంగలు, ఒక వరుస చదును రాళ్లు, మళ్లీ దుంగలు, మళ్లీ రాళ్లు. మూలల దగ్గర దుంగలు ఒకదానిలో ఒకటి ఇరికి ఉంటాయి, మంచం కోళ్లలో పట్టెలు దిగేసినట్టు. కిటికీలు చిన్నవి, ఇల్లు నలుచదరంగా తిన్నగా ఉంటుంది. అలా అయిదంతస్తుల దాకా లేపారు. వందల ఏళ్ల నాటివి, 1803నూ చూశాయి, 1991నూ చూశాయి, నిలబడే ఉన్నాయి. ఆ మేస్త్రీలకి థ్రస్టు అన్న మాట తెలియదు. ఎప్పుడో కూలిన ఇళ్ల మధ్య నిలిచిన ఇల్లు ఎలా నిలిచిందో ఎవరో చూశారు, అలాగే కట్టారు. కొడుకులు ఎందుకో అడగకుండానే అలాగే కట్టారు. కథ పోయింది, పని మిగిలింది. ఇరవై తరాలు దాటగలిగిన జ్ఞాపకం నాకు తెలిసి ఇదొక్కటే, చేతిలో ఉన్న జ్ఞాపకం.

ఇప్పుడు ఆ దుంగలతో కట్టమని ఎవరూ చెప్పలేరు. దేవదారు కొట్టనివ్వరు, కొట్టనిచ్చినా కొనలేరు. అందరూ సిమెంటు, కడ్డీలే. అదీ మంచిదే, సరిగా కడితే సిమెంటు కట్టడం భూకంపానికి బాగా ఆగుతుంది. ఆ ‘సరిగా’ ఎక్కడుంది అని వెతికితే చాలా చిన్నచోట దొరుకుతుంది. పిల్లర్లలో నిలువు కడ్డీల చుట్టూ కట్టే రింగులు చూసే ఉంటారు. సన్న కడ్డీని నలుచదరంగా వంచి, రెండు కొసలూ ఒక మూల కలిపి, బైండింగ్ తీగతో బిగిస్తారు. ఆ కొసను ఎంత వంచాలన్నది అసలు సంగతి. మూలమట్టంగా, 90 డిగ్రీలకి వంచి వదిలేస్తే పని తొందరగా తెములుతుంది. మన భూకంప ప్రమాణాలు అడిగేది 135 డిగ్రీలు, అంటే కొస పిల్లరు గుండెలోకి తిరిగి కొక్కెంలా దిగాలి.

తేడా ఏమిటంటారా? మామూలు రోజుల్లో ఏమీ లేదు. యాభై ఏళ్లు ఆ ఇంట్లో పెళ్లిళ్లు, పేరంటాలు చేసుకోవచ్చు. నేల ఊగిన రోజు పిల్లరు పైపొర సిమెంటు ముందుగా పెళ్లలు రాలుతుంది. 90 డిగ్రీల కొసను పట్టుకున్నది ఆ పైపొరే, అది రాలగానే రింగు విచ్చుకుంటుంది. రింగు విచ్చుకుంటే నిలువు కడ్డీలు పక్కకి వంగుతాయి, లోపలి కాంక్రీటు గోతం కుట్టు విప్పితే బియ్యం కారినట్టు కారిపోతుంది. లోపలికి దిగిన కొక్కెమైతే పైపొర పోయినా వదలదు. ఇంత పెద్ద తేడాకు ఒక్కో రింగుకి బెత్తెడు కడ్డీ కూడా ఎక్కువ పట్టదు. పట్టేది కడ్డీలు వంచే మనిషి ఓపిక. పిల్లరు పైకొస, కిందికొస దగ్గర రింగులు దగ్గరదగ్గరగా వేయడం కూడా అంతే. శ్లాబు పోశాక ఈ రెండూ ఎవరికీ కనిపించవు, అందుకే ఎవరూ అడగరు.

కనిపించే తప్పు ఇంకొకటి ఉంది, దాన్నీ అడగం. కింది అంతస్తంతా కార్ల కోసం ఖాళీ పిల్లర్ల మీద వదిలేసి, పైన గదులూ గోడలూ కిక్కిరిసి కట్టడం. పై అంతస్తులు గోడల బలంతో పెట్టెలా బిగిసి ఉంటాయి, ఊపంతా కింది కాళ్ల మీద పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో కూలిన అపార్టుమెంట్లలో చాలావాటి సంగతి ఇదే. కాళ్లు మడుచుకుని కూర్చున్నట్టు కుప్పకూలాయి. డెహ్రాడూన్‌లో ఇప్పుడు లేస్తున్న మేడలు చూసినా, విజయవాడలో చూసినా, హైదరాబాద్‌లో చూసినా అదే ముఖం. ఆ ఖాళీ అంతస్తులో అడ్డుగా నాలుగు కాంక్రీటు గోడలు పెడితే కాళ్లకు బలం వస్తుంది. రెండు కార్ల చోటు తగ్గుతుంది.

2000 నవంబరు 9న కొత్త రాష్ట్రానికి రాజధాని అయిన దగ్గర్నుంచి డెహ్రాడూన్ ఆగలేదు. 2011 జనగణన నాటికే నగరంలో 5.7 లక్షల మంది. రిస్పనా, బిందాల్ వాగుల ఒడ్డుల మీదికి ఇళ్లు దిగాయి. మనవాళ్లూ అక్కడ తక్కువేమీ కాదు. ఓఎన్‌జీసీ ప్రధాన కార్యాలయం అక్కడే, రాజమండ్రి నుంచి బదిలీ మీద వెళ్లి పిల్లల చదువులు అక్కడే పూర్తిచేయించిన కుటుంబాలు ఎన్నో. మోహండ్ దగ్గర అదే సంస్థ చమురు కోసం లోతుగా తవ్విన బావి, చమురు సంగతి ఎలా ఉన్నా, ఆ కొండ లోపల పొరలు ఎలా మడతపడ్డాయో శాస్త్రజ్ఞులకు చూపించింది. మిలిటరీ అకాడమీకి, అటవీ పరిశోధన సంస్థకి, ముస్సోరీలో ఐఏఎస్ శిక్షణకి మన పిల్లలు ఏటా వెళ్తూనే ఉంటారు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరదల నుంచి బయటపడ్డ తెలుగు యాత్రికులు ఎందరో ఊపిరి పీల్చుకున్నది ఆ ఊరు చేరాకే. అది ఎక్కడో పరాయి ఊరని అనుకోలేం.

ఆ రాష్ట్రం చేతులు ముడుచుకుని కూర్చుందనీ అనకూడదు. వాడియా హిమాలయ భూవిజ్ఞాన సంస్థ 1976 నుంచి డెహ్రాడూన్‌లోనే ఉంది, ఆ పగుళ్లను చదివేవాళ్లు ఆ పగుళ్ల మీదే కాపురం ఉంటున్నారు. రూర్కీ ఐఐటీ నిపుణుల హెచ్చరిక వ్యవస్థను 2021 ఆగస్టులో ప్రభుత్వం ఫోన్ యాప్‌గా జనానికి అందించింది. దాని ఇప్పటి పేరు భూదేవ్. భూదేవిని మగవాడిని చేశారేమిటా అనిపించినా, పని మంచిది. నేల కదిలినప్పుడు ముందు వచ్చే వేగమైన అలను కొండల్లోని పరికరాలు పట్టుకుని, వెనక వచ్చే బలమైన అల చేరేలోపు ఫోన్ మోగిస్తాయి. చమోలీ వైపు పుడితే డెహ్రాడూన్‌కి ఓ ఇరవై సెకన్లు దొరకవచ్చు. స్టవ్ ఆపి, పిల్లను ఎత్తుకుని, బల్ల కింద దూరడానికి చాలు. కింద ఉన్న పలకే ఊరి దగ్గర విరిగితే మాత్రం ఫోన్, నేల దాదాపు ఒకేసారి మోగుతాయి. అప్పుడు మిగిలేది గోడలే.

కాలిఫోర్నియాలో ఇల్లు కొన్న మన సాఫ్ట్‌వేర్ పిల్లల్ని అడిగితే ఒక సంగతి చెబుతారు. కొనేముందు సంతకం పెట్టాల్సిన కాగితాల దొంతరలో, ఈ ఇల్లు చురుకైన భూకంప పగులు మండలంలో ఉందా లేదా అని అమ్మేవాడు రాసి ఇచ్చే కాగితం ఒకటుంటుంది. లాస్ ఏంజెలెస్ శివార్లలో 1971లో శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చాక, 1972లో చేసిన చట్టం అది. పగులు గీత మీద ఇల్లు కట్టనివ్వరు, సాధారణంగా 50 అడుగులు వదలాలి. ఆ మరుసటి తరంలోనే, 1994లో, పటంలో లేని ఒక గుడ్డి థ్రస్టు నార్త్‌రిడ్జ్ కింద లేచి ఆ చట్టం కళ్లు కూడా కప్పింది. అయినా ఆ కాగితం విలువైనదే. భయపెట్టదు, దాచదు, ఒక సంతకం అడుగుతుంది. డెహ్రాడూన్ లిచీ తోటల్లో ప్లాట్లు వేసి అమ్మే రంగుల కరపత్రాల్లో కొండ కనిపిస్తుందని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ కొండ ఎలా వచ్చిందో ఒక్క వాక్యం చేర్చమని అడగడం అత్యాశ కాదు.

మనదాకా వస్తే, మన నేల కింద హిమాలయపు పెంకులేమీ లేవు, ఆ స్థాయి భయం మనకు అక్కర్లేదు. అలాగని మొత్తానికి నిశ్చింతా లేదు. విజయవాడ, ఒంగోలు, భద్రాచలం చాలాకాలంగా భూకంప పటంలో మూడో జోన్‌లో ఉన్నాయి. అంటే రింగు కొస ఎంత వంచాలన్న నిబంధన అక్కడి ఇళ్లకూ వర్తిస్తుంది.

ఈ ఎండాకాలం ఇల్లు కట్టుకుంటున్న పాఠకులు ఎవరైనా ఉంటే ఒక పని చేయండి. పిల్లర్లకి సెంట్రింగ్ చెక్కలు బిగించే ముందురోజు సాయంత్రం, కడ్డీలు కట్టేవాళ్లు టీ తాగుతున్నప్పుడు, ఒకసారి సైటుకి వెళ్లండి. గుమ్మం ఏ దిక్కున ఉందో చూసినంత శ్రద్ధగా ఒక పిల్లరు దగ్గర వంగి, రింగు కొస లోపలికి తిరిగి ఉందో లేదో చూడండి. లేకపోతే మేస్త్రీని మర్యాదగా అడగండి. కాంక్రీటు పోశాక చూడటానికి ఏమీ ఉండదు.